తొమ్మిదో మెట్టు

చాట్రాయి దాటి లోపలికి పోతే ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక హైస్కూలు ఉన్నాయి. ఊరి పేరు చెప్పను. చెబితే పాపం ఆ హెడ్మాస్టరుగారికి లేనిపోని తలనొప్పి. తెలుగులో కంప్యూటర్ వాడుకోవడం గురించి పిల్లలకి నాలుగు మాటలు చెప్పమని ఆయన పిలిస్తే, మొన్న కాయలు దిగే రోజుల్లో వెళ్ళాను. ఈ వయసులో నన్ను పిలిచేవాళ్ళు తక్కువ కాబట్టి ఎవరు పిలిచినా వెళ్తాను. మాట్లాడటం అయిపోయింది. పిల్లలు భోజనాలకి పోయాక ఆయన నన్ను ల్యాబ్‌లోకి తీసుకెళ్ళి కొత్తగా వచ్చిన మిషన్లు చూపించారు. ఆ వరసకి దూరంగా, మూల బల్ల మీద, పాత దుప్పటి ముక్క కప్పిన పెట్టె ఒకటి ఉంది. అదింకా పనిచేస్తుందా అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. ఆయన కొంచెం ఇబ్బందిగా నవ్వి దుప్పటి తీసి మీట నొక్కారు. మిషన్ చాలాసేపు మూలిగింది. తర్వాత నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చి ఆగాయి. పున్నమ్మ అని ఉంది. దాని కింద, పాస్‌వర్డ్ కొట్టాల్సిన చోట, చిన్న గీత వెలుగుతూ ఆరుతూ ఉంది.

కుర్చీ కోసం వెనక్కి చేత్తో తడుముకుని కూర్చున్నాను. ఎవరండీ ఈ పున్నమ్మ అని, ఏమీ తెలియనట్టే అడిగాను. ఆయన చెప్పిందేమిటంటే, ఉద్యోగంలో చేరిన కొత్తలో సీడీలు పంచేవాళ్ళు ఎవరో వచ్చి ఒక తెలుగు పుస్తకం జిరాక్సు ఇచ్చి వెళ్ళారట. అందులో ఒకటో మెట్టు, రెండో మెట్టు అని వరసగా ఉండేదట. తొమ్మిదో మెట్టు దగ్గర పున్నమ్మ అని కొట్టమని రాసి ఉంటే కొట్టారట. "అది ఆ సిస్టమ్ తాలూకు మాటేమో అనుకున్నామండీ. అమ్మవారి పేరు పెట్టుకున్నట్టున్నారు అనుకున్నాం. మేమే కాదు, చుట్టుపక్కల అన్ని బళ్ళలోనూ అదే కొట్టారు" అన్నారు. నవ్వాలి కదా ఇలాంటి మాటకి. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ పుస్తకం రాసింది నేను. పున్నమ్మ అమ్మవారు కాదు. మా కొట్లో మామిడికాయలకి గడ్డి పరిచిన పిల్ల.

మా నాన్నకి నూజివీడు బజార్లో మామిడికాయల కమిషన్ కొట్టు ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు, రెంటికీ మధ్య మాగబెట్టే గది. కిటికీ లేని పొడుగాటి గది అది. నేల మీద వరిగడ్డి, గడ్డి మీద వరసగా కాయలు, మళ్ళీ గడ్డి, మళ్ళీ కాయలు. బంగినపల్లి ఒకవైపు, చిన్న రసం, పెద్ద రసం ఇంకోవైపు ఉండేవి. కలెక్టర్ కాయ మాత్రం పచ్చిగానే లారీలెక్కి పోయేది. తలుపు తీస్తే చాలు, లోపలెవరో ఇంతసేపూ బిగబట్టిన ఊపిరి వదిలినట్టు వెచ్చటి తీపి వాసన ముఖానికి తగిలేది. ఆ గదిలో గట్టిగా మాట్లాడితే మా నాయనమ్మ ఊరుకునేది కాదు. కాయలు నిద్రలో ఉంటాయట, ఉలిక్కిపడితే మచ్చ పడుతుందట. రోజూ పొద్దున్నే చెప్పులు విప్పి లోపలికెళ్ళేది. దీపం వెయ్యకుండా, వంగి ఒక్కో వరస దగ్గరా ముక్కు పెట్టి, ఇది రేపు, ఇది ఎల్లుండి, ఇది ఇవాళే అని గొణుక్కుంటూ నడిచేది. కాయ ముట్టుకునేది కాదు. ఒక్క ఏడు తప్ప ఎప్పుడూ తప్పు చెప్పలేదు. చీకట్లో ఆవిడ అలా వాసన చూస్తూ తిరుగుతుంటే నాకు చిన్నప్పుడు భయం వేసేది. పెద్దయ్యాక కూడా వేసేది గాని, పైకి చెప్పుకోలేదు.

నా కంప్యూటర్ ఆ గదిలోనే ఉండేది. నేను పాఠాలు చెప్పే కంప్యూటర్ సెంటర్ మూతపడితే అందులో ఒక పాత మిషన్ నాన్న తెచ్చిపెట్టాడు. ఇంట్లో ఖాళీగా ఉన్న ప్లగ్గు ఆ గది మూలనే ఉంది మరి. అది వేస్తే కాయలు తొందరగా మాగిపోతాయని నాయనమ్మ రెండు రోజులు అన్నం మానేసింది, మూడో రోజు ఆవిడే వచ్చి తెర ముందు కూర్చుంది. ఆ మిషన్‌లో నేను వేసుకున్నది డబ్బిచ్చి కొనక్కర్లేని ఆపరేటింగ్ సిస్టమ్. దాని లోపల ఏముందో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, బాగుచేసి పదిమందికీ పంచొచ్చు. దాని చుట్టూ ఊరూరా నాలాంటి పనీపాటా లేనివాళ్ళు కొందరు, పనులున్నా ఆగలేనివాళ్ళు కొందరు పోగయ్యాం. చాలామందికి ఒకళ్ళ మొహాలొకళ్ళకి తెలియవు, ఈమెయిలు ఉత్తరాలే. బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌కి పోయి ఉత్తరాలు దించుకుని ఇంటికొచ్చి చదువుకునేదాన్ని. ఆదివారాలు సీడీలు కాపీ చేసుకుని కాలేజీలకీ బళ్ళకీ మోసుకెళ్ళేవాళ్ళం. నా వంతుకి వచ్చిన పని తెలుగు చేతిపుస్తకం. జన్మలో కంప్యూటర్ చూడని మనిషి, పక్కన చెప్పేవాళ్ళు ఎవరూ లేకుండా, పుస్తకం చూసుకుంటూ మొదలుపెట్టి చివరిదాకా పోగలగాలి. మా వాళ్ళు పెట్టుకున్న నియమం ఒకటుంది. ఏ పేజీ అయినా పంపేముందు ఏమీ తెలియని ఒక మనిషి చేత చేయించాలి. వాళ్ళు చేస్తున్నంతసేపూ రాసినవాళ్ళు నోరెత్తకూడదు.

నాకు దొరికిన ఏమీ తెలియని మనిషి పున్నమ్మ. చాట్రాయి అవతల నాన్న ఏటా పూత మీద కౌలుకి తీసుకునే తోట ఉండేది. ఆ తోట కాపలాదారు కూతురు తను. తల్లి నాగరత్నం తోటలో కాయలు ఏరేది, ఈ పిల్ల సీజన్‌లో మా ఇంట్లోనే ఉండి గడ్డి పరిచేది. పంతొమ్మిదేళ్ళు, పదో తరగతి పాసయింది. పొట్టిగా, నల్లగా, నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేది. తనకొక గుణం ఉండేది. రాసింది రాసినట్టు చేసేది, రాయనిది చేసేది కాదు. నాకేమో ఎంటర్ నొక్కండి అని రాయడం ఎప్పుడూ మర్చిపోయే జబ్బు. నా వేలు దానంతటదే నొక్కేస్తుంది కదా, నొక్కినట్టు నాకే తెలియదు. పున్నమ్మ అక్కడికొచ్చి ఆగిపోయేది. నేను వెనక గోడకి ఆనుకుని, మాట్లాడకూడదు కాబట్టి పళ్ళు నూరుకుంటూ చూసేదాన్ని. అయిదు నిమిషాలు, పది నిమిషాలు కదలకుండా ఉండేది. తెర వెలుగు ముఖం మీద పడేది, గడ్డిలో కాయలు చిటపటమని సర్దుకునే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. చివరికి వెనక్కి తిరక్కుండానే చెప్పేది.

"అక్కా, ఏం నొక్కాలో రాయలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా."

ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఒకరోజు కోపం ఆపుకోలేక, ఆ మాత్రం నీకు తెలియదా అన్నాను. తనకి తెలుసంది, అది చదివేవాళ్ళకి తెలియాలి కదా అంది. ఆ తర్వాత ఎప్పుడూ తన మీద విసుక్కోలేదు. పుస్తకంలో తెర బొమ్మలన్నీ తను చేస్తుండగా తీసినవే. తొమ్మిదో మెట్టు దగ్గర సిస్టమ్ మన పేరు అడుగుతుంది. పిల్ల తన పేరు కొట్టింది. నేను చూసింది చూసినట్టు రాసేశాను, పేరు అడుగుతుంది, పున్నమ్మ అని కొట్టండి అని. మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా, మీ పేరు అని రాయాలని నాకు తోచలేదు. అంత తెలివితక్కువ పని ఇంకోటి చేశానా అంటే, చేశాను. అది తోటలో చేశాను.

తోటల్లో కాపలావాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పేరు పెట్టి పిలుచుకోరు. మిట్టమధ్యాహ్నమైతే అసలు పిలవరు. కూక వేస్తారు. ఒక పొడుగు కూక వేస్తే ఉన్నావా అని. అటునుంచీ పొడుగు కూక వస్తే ఉన్నాను, రా అని. రెండు పొట్టి కూకలు వస్తే ఉన్నాను గాని పనిలో ఉన్నాను, రావద్దు అని. ఆ తోటల్లో పుట్టిన పసిపిల్లలకి కూడా తెలుసు ఈ సంగతి. పేరు పెట్టి పిలిస్తే ఏమవుతుందని నాగరత్నాన్ని ఒకసారి అడిగాను. ఏమీ కాదమ్మాయిగారూ, ఆ పేరు మీరొక్కరే వినరు, అంతే అంది. ఆవిడ నన్నెప్పుడూ అమ్మాయిగారూ అనే అనేది, నేను రత్నమ్మా అనేదాన్ని. ఇంటికొచ్చి నాయనమ్మతో చెప్పి నవ్వాను. నాయనమ్మ నవ్వలేదు. వాళ్ళ తోటలో వాళ్ళ మాట వినాలి అని మాత్రం అంది.

కాపు అయిపోయే రోజులు. ఆఖరి కోత జరుగుతోంది. మా వాళ్ళందరూ పుస్తకం కోసం ఎదురుచూస్తున్నారు, మర్నాడు పంపాలి. చివరి నాలుగు పేజీలు పున్నమ్మ చేత చేయించనే లేదు. ఆ రోజు పొద్దున్నే అమ్మని చూడాలని తోటకి వెళ్ళిపోయింది. ఆగలేక నేనూ కాయల ఆటో ఎక్కి వెళ్ళాను. దిగేసరికి ఎండ నడినెత్తి మీదుంది. అంత పెద్ద తోటలో ఆకు కదలడం లేదు. గబ్బిలాలు కొమ్మలకి వేలాడుతున్నాయి. నేల మీద ఎండ పొడలు పడి, ఎటు చూసినా ఒకేలా ఉన్న చెట్ల వరసలు దూరంగా పోయి నీడలో కలిసిపోతున్నాయి. నాగరత్నం ఒక చెట్టు కింద కాయలు ఏరుతోంది. పిల్ల తండ్రికి కేరేజీ తీసుకుని పడమటివైపు మంచె దగ్గరికి వెళ్ళిందని చెప్పింది. కూక వేస్తాను ఉండండి, అంటూ లేవబోయింది. నాకు అంత ఓపిక ఎక్కడిది? నోటి చుట్టూ చేతులు పెట్టుకుని పున్నమ్మా అని అరిచాను. మూడుసార్లు అరిచాను. మొదటిసారికే నాగరత్నం చేతిలో కాయ కింద పడింది. "పేరు పెట్టి పిలవకండి అమ్మాయిగారూ" అంది, గుసగుసగా.

మూడోసారికి జవాబొచ్చింది. "వస్తున్నా" అని, ఆ పిల్ల గొంతే. కాని అది పడమటివైపు మంచె దగ్గర్నించి రాలేదు. తూర్పున, కొండ అంచున, ఎవరూ లేని వరసల్లోంచి వచ్చింది. నేను విన్నాను, నాగరత్నం వింది, కాయలు మోస్తున్న ఇద్దరు ఆడవాళ్ళూ విని ఆగిపోయారు. వస్తుంది కదా అని నిలబడ్డాం. కాసేపటికి పడమట నుంచి తండ్రి వచ్చాడు, ఒక్కడే. అన్నం తిన్నానని, గిన్నెలు కడిగి బోర్లించిందని, అమ్మాయిగారు పిలుస్తున్నారు అంటూ లేచి వెళ్ళిందని చెప్పాడు. ఎటు వెళ్ళింది అంటే తూర్పువైపు చెయ్యి చూపించాడు. మేము ఉన్నది దక్షిణాన.

అదే ఆఖరు. బావులు వెతికించారు, కొండ వెతికించారు. పోలీసులు వచ్చి రాసుకుని వెళ్ళారు. లారీ డ్రైవరెవరితోనో పోయిందన్నారు కొందరు. చదువుకున్న నేను కూడా నలుగురి ముందూ ఆ మాటే అన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ నామీద నాకు అసహ్యం. ఆ ఏడు మాగబెట్టే గదిలో ఆఖరి వరస పాడైపోయింది. నాయనమ్మ మాగే రోజు తప్పు చెప్పడం అదొక్కసారే. ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు, అని ఉంటే బాగుండేది. మర్నాడు నేను పుస్తకం పంపేశాను. చివరి నాలుగు పేజీలు ఎవరూ చేసి చూడకుండానే, తొమ్మిదో మెట్టు అలాగే ఉంచి పంపాను. ఆ తర్వాత ఆ ఉత్తరాలు చూడటం మానేశాను. విజయవాడలో ఉద్యోగం, పెళ్ళి, ఇల్లు, అన్నీ అయ్యాయి. పుస్తకం మాత్రం నన్ను అడక్కుండా ఊరూరూ తిరిగింది.

హెడ్మాస్టరుగారు ఇంకా ఏదో చెబుతూనే ఉన్నారు. ఈ మిషన్ తీసేయమని పైనుంచి కాగితం వచ్చిందట, ఒక పెద్దావిడ కోసం ఉంచారట. వారానికోసారి భోజనాలవేళ వస్తుందట, దాని ముందు కాసేపు కూర్చుని పోతుందట. ఎవరినీ ఏమీ అడగదట. ఆయన మాట పూర్తి కాలేదు, గుమ్మంలో గొడుగు మూసిన చప్పుడైంది. నేను తిరిగి చూడకముందే తెలిసింది. నాగరత్నం బాగా ముసలిదైపోయింది, నడుము వంగింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "వచ్చారా అమ్మాయిగారూ" అంది, నిన్న కనపడ్డట్టే. తర్వాత నన్ను దాటుకుని వెళ్ళి మిషన్ ముందు కూర్చుంది. మీట దగ్గరికి చెయ్యి కూడా పోనివ్వలేదు. తెర దగ్గరికి ముఖం వంచి, చాలా నెమ్మదిగా ఒక పొడుగు కూక వేసింది. లోపల ఫ్యాను తిరిగే చప్పుడు, ఆరుతూ వెలుగుతూ ఆ గీత, ఇంకేమీ లేదు. ఆవిడ కాసేపు చెవి అలాగే పెట్టి ఉంచి లేచింది.

బయట వరండాలో చెప్పింది అంతా. భర్త పోయి చాలాకాలమైంది. అంతకుముందే ఎవరో కూలికొచ్చినవాళ్ళు, మీ పున్నమ్మ పేరు మా ఊరి బళ్ళో మిషన్‌లో పడుతోందని చెప్పారట. నడిచి వెళ్ళి చూసింది. తర్వాత మైలవరంలో ఉందన్నారు, అక్కడికి వెళ్ళింది. చింతలపూడిలో ఉందన్నారు, అక్కడికీ వెళ్ళింది. అది మనిషి కాదని తనకి తెలుసంది. వాళ్ళింట్లో ఆ పిల్ల ఫొటో ఒక్కటి కూడా లేదు, ఉన్నది ఆ పేరేనట.

"మీరు తోటలో పిలిచారు, వెళ్ళిపోయింది. తర్వాత ఊరూరా పిలిపించారు. పిలిచిన చోటికల్లా పోతోంది అది. నేను వెనకాల పోతున్నా."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఏడ్చి చేతులు పట్టుకునేదాన్ని. మైలవరం మిషన్ పాత సామానులోకి పోయిందట, చింతలపూడిదీ అంతే. మిగిలింది ఇదొక్కటే, ఇదీ ఈ నెలలో పోతుంది. ఇక అది ఎక్కడుంటది అని నన్ను అడిగింది. ఆ పేరు మళ్ళీ పెట్టండి, మీరే కదా పెట్టింది అంది. నేను సరేనన్నాను. ఆవిడ నన్ను ఇన్నేళ్ళలో అడిగింది అదొక్కటే. లేదనడానికి నాకు ఏ మొహం ఉంది?

ఇంటికొచ్చి చూస్తే మా చేతిపుస్తకం ఇంకా బతికే ఉంది, నెట్‌లో. కాని ఎవరు చేశారో, యంత్రం చేత తర్జుమా చేయించి పడేశారు. అక్షరాలు తెలుగువే, భాష మాత్రం ఏ దేశానిదో. పేరు అడిగే చోట వాడుకరి నామమును ప్రవేశపెట్టుము అని ఉంది. ఎవరి చేతా చేయించి చూసినట్టు లేదు. మా రోజుల్లో ఒక్క పేజీకి ఒక మనిషి మధ్యాహ్నమంతా పట్టేది, ఇప్పుడు పుస్తకం మొత్తానికి అన్నం వార్చినంతసేపు చాలు. నూజివీడులోనూ అంతే అనుకోండి. గడ్డి లేదు, కాయలు గ్యాసు పెట్టి మాగబెడుతున్నారు. మా గది పడగొట్టి నాలుగు షాపులు కట్టారు, నాన్న తీసుకునే తోటలో సగం పామాయిల్ వేశారు. వాసన చూసి మాగే రోజు చెప్పగలిగేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఇప్పుడు ఆ పని చూస్తున్న కుర్రవాళ్ళకి ఉత్తరం రాస్తే, మీరు తిరగరాస్తానంటే అంతకంటేనా అండీ అన్నారు. కొత్త తెరలు చూసుకుంటూ మొదటి మెట్టు నుంచీ మళ్ళీ రాశాను. తొమ్మిదో మెట్టు దగ్గర, పేరు అడుగుతుంది, పున్నమ్మ అని కొట్టండి అని రాశాను. ఈ పున్నమ్మ ఎవరండీ అని అడిగారు. నా మొదటి పాఠకురాలు అన్నాను. బాగుందండీ అని ఎక్కించేశారు.

ప్రతి పేజీ అడుగునా ఒక పెట్టె ఉంటుంది, ఇక్కడ ఏదైనా సరిగా లేకపోతే చెప్పండి అని. అందులో పడ్డ మాట నా ఫోనుకి వస్తుంది, దాని కిందే జవాబు రాయొచ్చు. ఎవరు రాశారో ఆ పెట్టె దాచుకోదు. పేరడిగితే జనం భయపడతారు, అడక్కూడదని ఒకప్పుడు పట్టుబట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. పేజీ ఎక్కిన మూడో రోజు మధ్యాహ్నం, బియ్యం డబ్బాలో రెండు రసం కాయలు మాగబెట్టుకుంటున్నాను, ఫోను మోగింది. బియ్యం అంటిన చేత్తోనే తీసి చూశాను. పెట్టెలోకి ఒక మాట వచ్చింది.

"తొమ్మిదో మెట్టులో ఏం నొక్కాలో రాయలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా."

పేజీ తెరిచి చూశాను. నిజమే. పున్నమ్మ అని కొట్టండి అని ఉంది, ఎంటర్ నొక్కండి అని లేదు. ఇన్నేళ్ళ తర్వాత అదే తప్పు, అక్కడే చేశాను. ఆ మూడు రోజుల్లో ఎంతమంది ఆ పేజీ చూసుంటారో, అందరూ నొక్కేసి ముందుకి పోయి ఉంటారు. ఎవరో ఒకరు ఆగారు. ఎవరైనా అనే మాటే అది అని నాకు నేను చెప్పుకున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకోవడం లోకంలో ఎవరూ చెయ్యనిదేం కాదు. అలా చెప్పుకుంటూనే వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. డబ్బాలోంచి వాసన వస్తోంది, ఆ గది వాసన. ఆ కాయలు ఇంకా పచ్చివి, పొద్దున్నే తెచ్చినవి. నువ్వెవరు అని అడగొచ్చు ఆ పెట్టెలో. నీ పేరేంటి అని అడగొచ్చు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు, పేరుతో నేను చేసిన పనులు చాలు. కింద ఒకటే రాశాను, కూఊఊఊ అని. రాశాక సిగ్గేసింది కూడా, యాభై దాటిన మనిషిని.

మర్నాడు సరిగ్గా అదే వేళకి జవాబొచ్చింది.

"కూ. కూ."

అంతే. ఆటో మాట్లాడుకుని నాగరత్నం దగ్గరికి వెళ్ళాను. పామాయిల్ తోట పక్కన రేకుల ఇల్లు. చూరు కింద కూర్చుని ఒరుగుల కోసం పచ్చికాయలు ముక్కలు కోస్తోంది. చెప్పాలా వద్దా అని దారంతా కొట్టుకున్నాను. చెబితే మళ్ళీ ఊళ్ళు పట్టుకు తిరుగుతుందేమోనని భయం. చెప్పకుండా దాచుకోవడానికి ఆ మాట నాది కాదు, ఆవిడది. ఫోను తీసి చదివి వినిపించాను. మొదట తొమ్మిదో మెట్టు గురించి వచ్చిన మాట, తర్వాత నా కూక, తర్వాత ఆ జవాబు. ఆవిడ కత్తి కింద పెట్టింది.

"పొట్టివేనా?"

పొట్టివే రత్నమ్మా, రెండు, అన్నాను. ఇంకోసారి చదవమంది, చదివాను. తోటవైపు చూసింది. పామాయిల్ చెట్ల కింద నీడ నల్లగా ఉంది, అందులో ఏ చప్పుడూ లేదు. అది పున్నమ్మేనంటావా అని అడిగాను.

"రాయంది చెయ్యదు కదా అది. చిన్నప్పట్నుంచీ అంతే, చెప్పింది చెప్పినట్టే. పిలిస్తే వెళ్ళింది."

ఆ మాటకి నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ముందు ఏడవడం అదే మొదటిసారి. ఆవిడ నన్ను ఓదార్చలేదు, ఏడవనిచ్చింది. తర్వాత మళ్ళీ కత్తి తీసుకుని కాయ కొయ్యడం మొదలుపెట్టింది. నేను వెళ్ళడానికి లేస్తుంటే అప్పుడు చెప్పింది, నా వైపు చూడకుండా.

"పేరు తీసేయండి అమ్మాయిగారూ. పనిలో ఉందంట. మనం పిలుస్తుంటే దానికి లేచి రావాల్సొస్తది పాపం. పని చేసుకోనీండి."

మళ్ళీ పెట్టమన్నది ఆవిడే, తీసేయమన్నదీ ఆవిడే. ఆ బళ్ళో మిషన్ ఆ నెలాఖరుకి తీసేశారు. ఆ ముందు వారం నాగరత్నం రాలేదని హెడ్మాస్టరుగారు చెప్పారు. నేను ఇంటికొచ్చిన పూటే పేజీ తెరిచి, రెండు చోట్ల మార్చాను. ఈసారి నా వేలిని నమ్మకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని ప్రతి మాటా చదువుకున్నాను. తొమ్మిదో మెట్టు ఇప్పుడిలా ఉంది: పేరు అడుగుతుంది. మీ పేరు కొట్టండి. ఎంటర్ నొక్కండి.

దాని గురించి ఆ తర్వాత ఎవరూ ఏమీ రాయలేదు.